ఢిల్లీ కావి

బయలుదేరక ముందు

ఢిల్లీ వెళ్ళొచ్చానంటే అందరూ ఎర్రకోట చూశావా, కుతుబ్ మీనార్ చూశావా అని అడుగుతున్నారు. రెండూ బస్సు కిటికీలోంచి చూశాను. నేను వెళ్ళింది వాటి కోసం కాదు. ఒక రంగు ఎక్కడ పుడుతుందో చూడటానికి వెళ్ళాను, చూసి వచ్చాను. చూడకపోయి ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటున్నాను గనక, వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా మాస్టారు రాజమండ్రిలో ప్రకృతి దృశ్యాలు వేస్తారు. గోదావరిని బొమ్మ కట్టినవాళ్ళు మా ఊళ్ళో వీధికొకరున్నారు. అందరూ దాన్ని నీలంగా వేసి, మీద ఒక తెరచాప పడవ పెట్టి అమ్ముకుంటారు. మాస్టారు మాత్రం కొత్తనీరు దిగినప్పటి గోదావరినే వేస్తారు, ఎర్రగా, బరువుగా, గట్టు కోసుకుంటూ పోయే గోదావరిని. ఆ ఎరుపు కోసం ఆయన ఇన్నేళ్ళూ వాడింది ఒకే ఒక్క పొడి. ఎర్రటి కొండ బొమ్మ అచ్చువేసిన కాగితం పొట్లంలో వచ్చేది. మెయిన్ రోడ్డులో ఒక కొట్టాయన ఢిల్లీ నుంచి తెప్పించేవాడు గనక మేమంతా దాన్ని ఢిల్లీ కావి అనేవాళ్ళం. ఢిల్లీ పక్కన ఒక ఎర్రకొండ ఉందనీ, ఇది ఆ కొండ మన్నేననీ మాస్టారు చెప్పేవారు. ఆయన ఢిల్లీ వెళ్ళిందీ లేదు, కొండను చూసిందీ లేదు. ఆయనకున్న ఆధారమల్లా ఆ పొట్లం మీది బొమ్మ.

పొట్లం కొనేముందు మాస్టారికి ఒక పద్ధతి ఉంది. చూపుడువేలు పొడిలో అద్ది నాలుక మీద పెట్టుకుంటారు. "మంచి మన్ను నాలికని పట్టుకోవాలి. ఆఖర్న కాస్త పుల్లగా తగలాలి. ఆ పులుపే కొండ ప్రాణం" అనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న మేమందరం అలాగే రుచి చూశాం. నేను బాలికల హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్నయ్యాక మా పిల్లలకీ అదే నేర్పాను. పులుపు తగలని కావిని కొట్టువాడి మొహాన వెనక్కి కొట్టేవాళ్ళం.

ఈమధ్య ఆ పొట్లాలు రావడం మానేశాయి. అదే సమయంలో మాస్టారికి చూపు తగ్గడం మొదలైంది. ఆపరేషన్ చేస్తే తిరిగొచ్చే చూపు కాదని కళ్ళ డాక్టరు తేల్చేశాడు. ఆయన ముందుగదిలో గోడంత వరద గోదావరి సగంలో ఆగిపోయి ఉంది. సగమంటే సగం కాదు, కింద జానెడు మేర నీళ్ళు మాత్రం తెల్లగా మిగిలిపోయాయి. వేరే కావి ఎన్ని రకాలు తెచ్చినా ఆయన నాలుక ఒప్పుకోలేదు.

"ఒక్క పొట్లం తెచ్చిపెట్టు సుభద్రా. కనిపిస్తుండగానే ఆ జానెడూ నింపేసి కుంచె కడిగేస్తాను" అన్నారు.

దసరా సెలవులు ఇవ్వగానే రైలెక్కాను.

మునిర్కా

నా దగ్గర చదువుకున్న పద్మజ సివిల్స్ పరీక్షలకి తయారవుతూ మునిర్కాలో గది తీసుకుని ఉంటోంది. స్టేషన్ నుంచి ఆటోవాడు అరవై రూపాయలు అడిగాడు, నేను హిందీలో బేరమాడాక డెబ్భై తీసుకున్నాడు. నాది హిందీ పరీక్షలన్నీ వరసగా ఫస్టు క్లాసులో పాసైన హిందీ. ఆ హిందీకి ఢిల్లీలో దమ్మిడీ విలువ లేదని అప్పుడే తెలిసింది.

మునిర్కా పేరుకి ఊరు. కింద గేదెలు కట్టేసి ఉంటాయి, పైన నాలుగంతస్తుల్లో దేశంలోని పరీక్షలన్నీ రాసేవాళ్ళు అద్దెకి ఉంటారు. ఎదురింటి బాల్కనీలో ఆరేసిన తువ్వాలు మన కిటికీలోంచి చెయ్యి చాపి తీసుకోవచ్చు. గుమ్మంలో నులకమంచం వేసుకుని ఇంటాయన హుక్కా పీలుస్తూ వచ్చేవాళ్ళని, పోయేవాళ్ళని చూస్తుంటాడు. మా వైపు ఇంటికి ఎవరైనా వస్తే ఎవరి తాలూకా అని అడిగి కూర్చోబెడతారు. ఇక్కడ ఇంటావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఇంకో మదరాసీనా? నీళ్ళు నీ వాటాలోంచే వాడుకోవాలి" అని పద్మజతో అంది.

మేము మద్రాసు వాళ్ళం కాదని మొదలుపెట్టబోయాను. పద్మజ నా చెయ్యి నొక్కింది.

"వదిలెయ్యండి టీచర్. నేనూ మొదటి ఏడాదంతా మ్యాప్ గీసి మరీ చెప్పాను. ఇప్పుడు ఠీక్ హై ఆంటీ అనేస్తున్నా. అలాగైతే మోటరు ఇంకాస్సేపు వేస్తుంది."

రెండుసార్లు పరీక్ష తప్పిన పిల్ల. గోడ నిండా నదుల మ్యాపులూ, రాజుల పేర్లూ అంటించుకుంది. రాత్రి రాజ్మా వండి పెట్టింది. ఒక రంగు కోసం ఇంతదూరం వచ్చానని చెబితే నవ్వలేదు. "నేను ఇంతకంటే దండగ పనికి వచ్చాను లెండి" అంది.

పాత ఢిల్లీ, రంగుల గల్లీ

మసాలా దినుసుల బజారు ఖారీ బావలీ వెనక రంగులమ్మే గల్లీ ఒకటుంది. అక్కడి కుక్కలకి కూడా ఏదో ఒక రంగు అంటుకుని ఉంటుంది. మిరపకాయల ఘాటుకి తుమ్ముతూ, చేతిబళ్ళకి దారిస్తూ, ఖాళీ పొట్లం పట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగాం. చివరికి ఒక ముసలి లాలా దాన్ని చూసి కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

నేను నా ఫస్టు క్లాసు హిందీలో ఈ వర్ణపు జన్మస్థలం ఎక్కడో కృపచేసి తెలుపమని అడిగాను. ఆయన పద్మజవైపు తిరిగి, "బహన్‌జీ రేడియోలో వార్తలు చదువుతారా?" అన్నాడు. కొట్లో అందరూ నవ్వారు. కానీ టీ తెప్పించాడు. రెండు రూపాయల టీలో అల్లం దండిగా ఉంది.

"కొండ ఛాపు," అన్నాడు పొట్లం మీది కొండ మార్కుని వేలితో చూపిస్తూ. "చిన్న పొట్లాలు కట్టడం మానేశారు, కూలి గిట్టడం లేదట. ఇప్పుడన్నీ బస్తాలే. గచ్చు వేసేవాళ్ళు కొంటారు."

"కొండ ఎక్కడుంది?" అని అడిగాను.

"కొండా? మా నాన్న రోజుల్లో సూరజ్‌కుండ్ అవతలి పల్లెల నుంచి ఎర్రరాయి ఎడ్లబళ్ళ మీద వచ్చేది. ఇప్పుడు సరుకు ఘాజియాబాద్ వైపు నుంచి వస్తుంది. వైశాలి దాటాక షెడ్లున్నాయి."

"అక్కడ నూరతారా?"

లాలా చెయ్యి తిప్పాడు. "నూరతారో, చేస్తారో. మాకు బస్తా వస్తుంది."

కొండరాయిని బళ్ళకి బదులు లారీల్లో తీసుకెళ్ళి అక్కడ నూరుతున్నారని నేను అర్థం చేసుకున్నాను. మనకి కావలసినదే మనకి వినపడుతుంది. గల్లీ దాటకముందే మాస్టారికి కార్డు రాసి పడేశాను, కొండ జాడ దొరికిందని.

కొండ ఉన్న చోటు

సూరజ్‌కుండ్ దాకా బస్సు, అక్కడి నుంచి పదిమందిని కుక్కిన టెంపో. దారి పొడుగునా రాళ్ళ ట్రాక్టర్లు ఎదురొస్తూ తెల్లటి దుమ్ము మొహాన కొట్టి పోతున్నాయి. సర్కారు తుమ్మచెట్లు కూడా ఆ దుమ్ముకి తెల్లబడిపోయి ఉన్నాయి. ఢిల్లీ వైపు గనులు మూయించేశారట, హర్యానా వైపు ఇంకా తవ్వుతున్నారట. సరిహద్దు ఎక్కడో కొండకి తెలియదు పాపం.

టెంపో దిగి ఎర్రకొండ కోసం తలెత్తి చూశాను. తల దించి చూడవలసి వచ్చింది. కొండ ఉండాల్సిన చోట తాటిచెట్టు లోతు గొయ్యి ఉంది. దాని అడుగున చిలకాకుపచ్చ నీళ్ళు నిలిచాయి. మా ఊళ్ళో పడవ బొమ్మలు వేసేవాళ్ళకి అక్కడ బాగా గిట్టుబాటవుతుంది.

ఒక ఇంటి ముందు ముసుగు వేసుకున్న ఆవిడ పిడకలు తిరగేస్తోంది. పేరు శాంతి అని చెప్పింది. ఆడవాళ్ళం ఇద్దరం ఎండలో నిలబడి ఉన్నామని మంచం వాల్చి, పెద్ద ఇత్తడి గ్లాసులతో మజ్జిగ ఇచ్చింది. మన మజ్జిగలా కరివేపాకూ అల్లం ఉండవు, ఉప్పు మాత్రం వేస్తారు. చిక్కగా, చల్లగా ఉంది. లోపల ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు.

"మా ఆయన. క్రషర్లో పని," అంది శాంతి. "ఇప్పుడు పని లేదు, దగ్గే."

ఎర్రరాయి ఎక్కడ దొరుకుతుందని పద్మజ అడిగింది.

"ఎర్రరాయా దీదీ? నేను కోడలిగా వచ్చేనాటికే అది అయిపోయింది. మా అత్త చెప్పేది, ఎర్రది బళ్ళకెత్తేవాళ్ళమని. ఆ తర్వాత అంతా తెల్లరాయే, రోడ్లకి, మేడలకి."

"అయితే ఘాజియాబాద్‌కి ఇక్కడినుంచి ఎర్రరాయి వెళ్ళడం లేదా?"

"ఉంటేగా వెళ్ళడానికి."

మా మొహాలు చూసి ఏమనుకుందో, లోపలికి వెళ్ళి పాతగుడ్డలో చుట్టిన కొబ్బరికాయంత గడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. దీపావళికి గడపా అరుగూ పూయడానికి దాచుకున్న ఎర్రమన్ను అది, వాళ్ళు గేరు అంటారు. మేము పండక్కి గడపకి పసుపు రాసినట్టు వాళ్ళు ఈ ఎరుపు పూస్తారు. డబ్బివ్వబోతే, పండగ సామాను ఎక్కడైనా అమ్ముతారా అని కోప్పడింది.

నేను ఆగలేక అక్కడే వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. చక్కగా పట్టుకుంది. కొత్తకుండలో నీళ్ళ రుచి. ఎంతసేపు చూసినా పులుపు తగల్లేదు.

"ఇది అసలు రకం కాదు పద్మజా. దీంట్లో ప్రాణం లేదు" అన్నాను టెంపోలో.

గొయ్యి అంచున కాపురం చేస్తున్న మనిషి పండగ సామాను నాకిచ్చేస్తే, నేను దానికి వంక పెడుతూ వచ్చాను.

వైశాలి దాటాక

యమున దాటితే వైశాలి. సగం కట్టిన ఇళ్ళు, మనుషులు రాని పార్కులు, ఎక్కడ చూసినా ఇంటిస్థలాల బోర్డులు. అక్కడి నుంచి రిక్షా మీద షెడ్ల దగ్గరికి పోయాం. లాలా పేరు చెప్పేసరికి మేనేజరు గేటు తీయించాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఫ్యాక్టరీ చూస్తామని వచ్చినందుకు ఆయనకి భలే సరదా వేసింది. బిస్కట్లు తెప్పించి, దగ్గరుండి అన్నీ చూపించాడు.

నేను రాళ్ళగుట్ట కోసం చూశాను. ఎక్కడా ఒక్క రాయి లేదు. ట్యాంకరొకటి నిలబడి ఉంది.

"ఇనప గొట్టాలు చేసేవాళ్ళు తుప్పు వదలడానికి వాటిని యాసిడ్‌లో ముంచుతారు మేడమ్‌జీ. వాడేసిన ఆ యాసిడ్‌ని ఎక్కడ పారబోయాలో వాళ్ళకి తెలీదు. మేము తెచ్చుకుంటాం. దాంట్లో పాత ఇనుము వేసి మరిగిస్తే పచ్చటి పలుకులు కడతాయి. వాటిని కొలిమిలో కాలిస్తే ఈ ఎరుపు. సుద్ద కలిపి బస్తాలకెత్తుతాం. పారేసేదాంట్లోంచి బంగారం తీస్తున్నామన్నమాట."

తొట్టెల దగ్గర పనిచేసేవాళ్ళ చేతులు మోచేతుల దాకా తెల్లమచ్చలు పడి ఉన్నాయి. గొంతులో కారం కొట్టినట్టు ఒకటే మంట. పద్మజ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పటినుంచి చేస్తున్నారు?" అన్నాను.

"పెద్ద సేఠ్ కాలం నుంచీ. కొండ ఎర్రరాయి అయిపోయాక, ఆ రాయి నూరి అమ్మే వ్యాపారి దగ్గర కొండ ఛాపు పేరు కొనేసుకున్నారు. నేను పుట్టకముందు మాట."

మేనేజరుకి నలభై దాటి ఉంటాయి. మాస్టారు మొదటి పొట్లం విప్పింది నేను ఆయన దగ్గర చేరడానికి కొద్దిగా ముందు. నేనప్పుడు పరికిణీలు కట్టుకునేదాన్ని, ముప్ఫై అయిదేళ్ళ కిందటి మాట. అంటే ఆయన చేతికి కొండమన్ను ఒక్క చిటికెడు కూడా ఎన్నడూ అందలేదు.

బస్తా విప్పించి వేలు పెట్టాను. నాలుక మీద పెట్టుకోబోతుంటే మేనేజరు కంగారుపడి చెయ్యి పట్టుకున్నాడు. "నోట్లో పెట్టకండి మేడమ్‌జీ. మూడుసార్లు కడగాల్సిన సరుకు ఇది. ఇక్కడ నీళ్ళెక్కడివి? ఒక్కసారి కడిగి వదిలేస్తాం. యాసిడ్ కొంచెం మిగిలి ఉంటుంది. గచ్చుకైతే ఏమీ కాదు."

రుచి చూడవలసిన అవసరం ఇక లేకపోయింది. ఆ పులుపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

కడిగిన నీళ్ళు ఏమవుతాయని పద్మజ అడిగితే, వెనక గోడ దాకా తీసుకెళ్ళి చూపించాడు. కాలువ ఒకటి గోడ కిందుగా పోయి హిండన్ నదిలో కలుస్తోంది. నల్లటి నదిలో ఆ మేరంతా ఎర్రగా, బరువుగా, గట్టుని ఒరుసుకుంటూ పారుతోంది. అచ్చం మాస్టారి బొమ్మే. వెలుతురు పడిన చోట ఆయన పెట్టే ఆ నారింజ ఛాయతో సహా ఉంది. అంత అందంగా ఉన్నందుకు నాకు ఒళ్ళు మండిపోయింది.

"దీనిమీద మంచి ఎస్సే రాయొచ్చు టీచర్" అంది పద్మజ తిరిగొచ్చేటప్పుడు. దాని మీద విసుక్కున్నాను. పాపం, అది నా మొహం చూడలేక ఏదో ఒకటి మాట్లాడింది. మేనేజరు నేను వద్దన్నా వినకుండా శాంపిల్ పొట్లం ఒకటి నా సంచిలో పెట్టాడు.

అశోకా రోడ్

మర్నాడు పద్మజ నన్ను అశోకా రోడ్‌లో తెలుగు భోజనానికి తీసుకెళ్ళింది. పాతిక రూపాయల లోపే అన్నం, పప్పు, కూరలు, పెరుగు, మళ్ళీ మళ్ళీ వడ్డన. పక్క బల్ల మీద హైదరాబాద్ నుంచి వచ్చిన కంప్యూటరు ఉద్యోగాలవాళ్ళు ఆఫీసు గొడవలు ఇంగ్లీషులో చెప్పుకుంటూ, పప్పు మాత్రం తెలుగులో అడుగుతున్నారు. ఇంటి తిండి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళుంటారని పద్మజ ముందే చెప్పింది.

గోంగూర పచ్చడి వేశారు. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. పులుపు నాలుకకి తగలగానే కంచం పక్కకి జరిపేశాను. లేచి చెయ్యి కడుక్కున్నాను.

"మాస్టారికి ఏం చెప్తారు?" అంది పద్మజ.

"కొండమన్ను తెచ్చానని చెప్తాను. తెచ్చాను కదా."

"ఆయన నాలిక్కి ఏం చెప్తారు టీచర్?"

ఆ పిల్ల మూడోసారి తప్పకుండా పాసవుతుందని అప్పుడు అనిపించింది.

మళ్ళీ రాజమండ్రి

రైల్లో నీళ్ళ సీసా ఒలికి శాంతి ఇచ్చిన గడ్డ తడిసి, నా చీరలు రెండు ఎర్రబడ్డాయి. ఉతికితే పోలేదు. నిఖార్సైన మన్ను మరి.

పొద్దున్నే మాస్టారింటికి వెళ్ళి, సన్నికల్లు మీద ఆ గడ్డ నూరి, నీళ్ళలో తేర్చి, గుడ్డలో వడగట్టి, తుమ్మబంక కలిపాను. మాస్టారు కుర్చీ బొమ్మ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. అప్పటికే ఆయన మనుషుల్ని గొంతుని బట్టి పోల్చుకుంటున్నారు. వేలు అద్ది నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"పట్టుకుంది" అన్నారు. మళ్ళీ వేలు అద్ది చూశారు. "ఇది కాదమ్మాయ్. పులుపేదీ?"

"మాస్టారూ, కొండది ఇదే."

ఆయన కుంచెతో ఒక్క గీత గీశారు. పాత ఎరుపు పక్కన అది గోధుమరంగుగా, మాసికలా కనిపించింది. ఆయనకి కూడా కనిపించింది.

"కొండకెళ్ళే ముందు కార్డు రాశావు. కొండకెళ్ళాక రాయలేదు. ఏం చూసొచ్చావో చెప్పు" అన్నారు.

చెప్పేశాను. గొయ్యి, ట్యాంకరు, తొట్టెలు, హిండన్ అన్నీ చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్నే వేశారు.

"నా నాలిక్కి తగిలిందంతా అదేనా?"

"అదే మాస్టారూ."

గోడ పట్టుకుని నెమ్మదిగా పెరట్లోకి వెళ్ళారు. కుళాయి దగ్గర నోరు పుక్కిలించిన చప్పుడు వినిపించింది. మళ్ళీ పుక్కిలించారు. మళ్ళీ. డెబ్భై దాటిన మనిషి ఇన్నేళ్ళదీ కడుక్కుంటున్నాడు. నేను లోపల నిలబడి ఏడ్చాను.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. "ఆ పుల్లటిది తెచ్చావా?"

"తెచ్చాను. కానీ వద్దండీ."

"కలుపు. నది మధ్యలో అతుకేస్తే ఊరుకుంటుందా?"

కలిపి ఇచ్చాను. ఆయన రుచి చూడలేదు. ఆయన రంగుని నాలుకకి తాకించకుండా బొమ్మ వేయడం నేను చూడటం అదే మొదలు. చూపు ఆనక, ఎడమచేతి వేళ్ళతో బోర్డు అంచు తడుముకుంటూ, ఆ జానెడూ నింపారు. శాంతి మన్నుతో గీసిన గీత కూడా దాని కింద కలిసిపోయింది. అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు. అంత బాగా కుదిరింది.

ఆయన సంతకం ఎప్పుడూ కుడివైపు మూల ఆ కావితోనే చేస్తారు. కుంచె నా చేతికిచ్చి, "సంతకం నువ్వు పెట్టు. అది ఎక్కడ పుట్టిందో చూసొచ్చింది నువ్వేగా" అన్నారు. కోపంగా అనలేదు. అలా అని ఉంటే భరించేదాన్ని.

నేను పెట్టలేదు. బడి తెరిచాక తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల రంగుపొడిలో వేలు పెట్టి నోటి దగ్గరికి తీసుకెళుతుంటే చెయ్యి మీద గట్టిగా కొట్టాను. "మీరే కదా టీచర్ అలా చూడమన్నారు" అని బిత్తరపోయింది. మర్నాడు ఆ తరగతి మొత్తానికి సంగతి చెప్పాను.

మాస్టారికి ఇప్పుడు వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తాయి. బొమ్మ ముందుగదిలోనే ఉంది, కుడివైపు మూల ఖాళీగానే ఉంది. చూడటానికి ఊళ్ళోవాళ్ళు వస్తూనే ఉన్నారు. "అచ్చం మన గోదారే మాస్టారూ, మట్టివాసన కూడా వస్తోంది" అంటారు.

"సుభద్రనడగండి, తను చూసొచ్చింది" అంటారాయన.

వాళ్ళు నావైపు తిరిగేలోపు నేను కాఫీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోతాను.